గడప పక్కన పాలసీసా

"తవ్వడం ఆపు నాన్నా! కోసి చూసేదాకా దీని మీద పిడికెడు మట్టి కూడా పడనివ్వను."

నా ఆడపడుచు సెంక గొయ్యి అంచున నిలబడి అరిచింది. గోతిలో మోకాలి లోతున మా మామగారు గోయ్‌కో. డెబ్భై రెండేళ్ళ మనిషి, పొద్దున ఏడింటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా తవ్వుతున్నాడు. అక్రోటు చెట్టు కింద గళ్ళ దుప్పటి కప్పుకుని విహోర్ పడుకుని ఉంది. పడుకుని ఉంది అంటున్నాను చూడండి, ఇంకా నోరు అలవాటు పడలేదు. నాలుగేళ్ళ మగ డాబర్‌మన్. తెల్లవారగానే బంతి కోసం పరిగెత్తి, బంతి అందకుండానే కూలిపోయింది.

దుప్పటి బయటికి ముట్టె ఒక్కటే కనిపిస్తోంది. మూతి చుట్టూ పాలు ఎండి తెల్లగా అట్టకట్టాయి. ఆ పాలు పోసింది నేనే.

మా ఇంట్లో గడప పక్కన ఎప్పుడూ ఒక సీసా పాలు ఉంటాయి. పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాయి. ఏ కుక్క తూలినా, పడినా ముందు దాని గొంతులో పాలు పొయ్యాలి, విషం విరుగుతుందని మామగారి శాసనం. పొద్దున పెట్టినవి సాయంత్రం కోళ్ళకి పోతాయి, వాటి చోట కొత్త సీసా వస్తుంది. మా ఆయన నెనాద్ లారీ వేసుకుని ఏ దేశంలో ఉన్నా, ఫోన్ చేస్తే మొదట నన్నడిగేది బాగున్నావా అని కాదు, సీసా మార్చావా అని.

"ఏం చూస్తావే కోసి?" మామగారు పార మీద చేతులానించి తలెత్తాడు. "విషం ఎలా ఉంటుందో నాకు తెలీదా? నాలుగింటిని పాతిపెట్టాను ఈ పెరట్లో. బోరాని పాతాను, దాని కొడుకుని పాతాను, మనవణ్ణి పాతాను. ఇది ఐదోది. అటు చూడు, పక్కింట్లో ఆ విషగాడు కిటికీ తెర పక్క నుంచి చూసి నవ్వుకుంటున్నాడు."

"ఇమ్రె బాబాయ్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. కర్ర లేకుండా గడప దాటలేడు. కంచె దాకా ఎలా వచ్చాడంటావు, ఎగిరొచ్చాడా?"

"బాబాయేంటే బాబాయ్! ముందు నోరు కడుక్కో!"

"పోయిన ఆదివారం చెప్పానా లేదా? దీని గుండె తడబడుతోంది, ఒక పగలూ రాత్రీ గుండె చప్పుడు రాసుకునే యంత్రం కట్టి ఉంచుదాం అని కాళ్ళా వేళ్ళా పడ్డానా లేదా? నువ్వేమన్నావు?"

ఏమన్నాడో అందరం విన్నాం. ఇరవై కిలోమీటర్లు సైకిలు పక్కన పరిగెత్తి పరీక్ష నెగ్గిన కుక్క ఇది, దీని గుండె రాయి, నీ చదువు నీ దగ్గరే పెట్టుకో అన్నాడు. సెంక నోవిసాద్ నగరంలో పశువైద్యం చదివి నిరుడే పట్టా తెచ్చుకుంది. ఊళ్ళో అందరి ఆవులకీ ఆమె చెయ్యి కావాలి. సొంత తండ్రికి మాత్రం ఆమె ఇంకా ముక్కు చీదుకోవడం రాని పిల్లే.

"కొయ్యనివ్వను" అన్నాడు మామగారు. ఈసారి అరవలేదు. "నా బిడ్డని చెక్క మీద పెట్టి ముక్కలు చేస్తానంటే చూస్తూ ఊరుకుంటానా?" అంటూ ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా మట్టయింది. ఆయన కుక్కల్ని ప్రేమించడు అని మాత్రం నేను అనలేను. ఆ మనిషి కొడుకు పెళ్ళిలో కూడా అంత ఏడవలేదు.

అంతవరకూ మా అత్తగారు దెసాంక మాట్లాడలేదు. సెప్టెంబరు కదా, వాకిట్లో రేకు పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు, ఆ లావుపాటి తియ్యవి, కాలుస్తూ కూర్చుంది. ఇంట్లో చావు జరిగినా ఆ పని ఆగదు. అరవై కిలోలు కొన్నారు, ఇవాళ కాల్చకపోతే కుళ్ళిపోతాయి. ఒక కాయ తిప్పి, వేళ్ళు ఊదుకుంటూ, తల తిప్పకుండానే అంది.

"కొయ్యనీ గోయ్‌కో. విషమే అని నీకంత నమ్మకమైతే భయమెందుకు?"

మామగారు పార పక్కన పడేశాడు. గోతిలోంచి పైకి రావడానికి చెయ్యి చాచాడు. నేను పట్టుకుని లాగాను.

"నువ్వు చెప్పవేం జోర్కా?" అన్నాడు నాతో. "దీనికి చెప్పు. నువ్వు కళ్ళారా చూశావుగా."



*

ఆ మాట అన్నది నేనే. పద్నాలుగేళ్ళ కిందట, ఇదే పెరట్లో.

నేను కాపురానికి వచ్చి మూడు నెలలు. మామగారు నన్ను "ఏయ్ పిల్లా" అనేవాడు. పేరు గుర్తుండేది కాదో, గుర్తుపెట్టుకోవడం ఇష్టం లేదో. భోజనాల బల్ల దగ్గర నాకు కుర్చీ కూడా లేదు, పీట మీద కూర్చునేదాన్ని. పగలంతా నాతో మనిషిలా మాట్లాడింది కంచె అవతలి పిరోష్కా పిన్ని ఒక్కతే. ఇమ్రె బాబాయ్ భార్య. వాళ్ళు హంగేరియన్లు, మేం సెర్బులం, అయినా రెండిళ్ళ మధ్యా కంచెకి ఒక పలక ఊడి ఉండేది. ఆ సందులోంచి ఉప్పూ, కబుర్లూ అటూ ఇటూ పోయేవి.

ఇమ్రె బాబాయ్ అంటే అప్పుడు ఊళ్ళో పెద్ద పేరు. నవంబరు వచ్చిందంటే పందులు కోసే రోజులు. నలభై ఇళ్ళ వాళ్ళు ఆయన కోసం వరస కట్టేవాళ్ళు. కోయడం ఎవరైనా కోస్తారు. సాసేజుల మాంసంలో కారం, వెల్లుల్లి, ఉప్పు పాళ్ళు కలిపే చెయ్యి మాత్రం ఆయనది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తొట్టెలో మాంసం పిసికి, పచ్చిదే చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఇంటివాళ్ళంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు.

ఆ రోజు పిరోష్కా పిన్ని కొవ్వు వేయించింది. గిన్నెడు వేడి వేడి ముక్కలు పట్టుకుని కంచె దగ్గరికి వచ్చి, రెండు నా అరచేతిలో పెట్టి, గిన్నె కంచె గుంజ మీద ఉంచి లోపలికి వెళ్ళింది. ఉప్పగా, కరకరలాడుతూ ఎంత బాగున్నాయో! వెనకే ఇమ్రె బాబాయ్ వచ్చాడు. అదే గిన్నెలోంచి ఒక ముక్క తీసి మా బోరాకి విసిరాడు. రోజూ ఏదో ఒకటి విసిరేవాడు. బోరా గాల్లోనే అందుకుంది, తోక ఊపింది, ఒక చుట్టు తిరిగింది, పడిపోయింది. ఐదేళ్ళ కుక్క. మళ్ళీ లేవలేదు.

మామగారు వచ్చి దాని తల ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. "ఎవరైనా ఏమైనా వేశారా? నువ్విక్కడే ఉన్నావుగా, చూశావా?"

"ఇమ్రె బాబాయ్ వేశాడు" అన్నాను. అంతవరకు నిజమే.

"ఏం వేశాడు? మాంసమా?"

"మాంసంలాగే ఉంది."

"చూశావామ్మా? నీ కళ్ళతో చూశావా?"

అమ్మా. మూడు నెలల్లో మొదటిసారి. అదే గిన్నెలోంచి నేనూ తిన్నానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. చూశాను అన్నాను. సాయంత్రానికి పోలీసు వచ్చి రాసుకున్నాడు, రాత్రి భోజనానికి మామగారు తన పక్కన నాకు కుర్చీ వేయించాడు.

కేసు నిలబడలేదు గానీ మాట నిలబడింది. ఊరంతా తిరిగింది. విషం పెట్టిన చెయ్యి మా మాంసంలో పెట్టించుకుంటామా అన్నారు. ఆ నవంబరులో ఇమ్రె బాబాయ్‌ని ఒక్క ఇంటివాళ్ళూ పిలవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పిలవలేదు. మామగారు కంచె పలక మేకులు కొట్టి బిగించాడు, దాని మీద ఇంకో రెండు మూరలు లేపాడు. మూడేళ్ళ కిందట పిరోష్కా పిన్ని పోతే శవపేటిక వెనక నలుగురు నడిచారు. నేను వంటింటి కిటికీలోంచి లెక్కపెట్టాను.

*

పెరట్లోని వేసవి వంటగదిలో పెద్ద చెక్కబల్ల మీద సెంక విహోర్‌ని కోసింది. ఒకప్పుడు ఇమ్రె బాబాయ్ మా పందిని కోసింది కూడా ఈ బల్ల మీదే. నేను నీళ్ళ బకెట్టు పట్టుకున్నాను. మామగారు తలుపు దగ్గర వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. అత్తగారి మిరపకాయల వాసన లోపలిదాకా వస్తోంది. ఇక జన్మలో ఆ వాసన పడుతుందో లేదో నాకు తెలియదు.

"నాన్నా, ఇటు తిరుగు" అంది సెంక.

ఆయన తిరగలేదు.

"ఇటు తిరిగి చూడు అంటున్నానా! ఇది గుండెనా? నీళ్ళు నింపిన సంచిలా ఉంది. చూడు, ఉండాల్సిన దానికి రెండింతలుంది. గోడ ఎంత పలచబడిందో చూడు, వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. ఇది ఒక్క రోజులో అవ్వదు. ఏళ్ళ తరబడి లోపల్లోపల సాగుతూ వచ్చింది. పైకి మాత్రం పరిగెత్తింది, దూకింది, కప్పులు గెలిచింది."

"విషంతో గుండె వాచదా?"

"వాచదు."

"కొత్త రకం విషమైతే?"

"నాన్నా!" సెంక అరిచింది. "ఇది వంశంలో ఉంది. బోరా ఎలా పడింది? గాల్లోకి ఎగిరి, దిగగానే పడింది. దాని కొడుకు? మెట్లెక్కుతూ పడింది. అన్నీ నాలుగైదేళ్ళ వయసులోనే. అన్నీ ఒక్క క్షణంలో. నలభై ఏళ్ళుగా తల్లినీ కొడుకునీ, అన్ననీ చెల్లెలినీ కలిపి, తలకట్టు బాగుంది, నిలువు బాగుంది అని నువ్వు మురిసిపోతుంటే లోపల ఇది కూడా వాటితోపాటే వస్తోంది."

మామగారు అప్పుడు తిరిగాడు. బల్ల దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాడు. చెయ్యి చాచి ఆ గుండెని ముట్టుకోబోయి వెనక్కి తీసుకున్నాడు.

"విషమైతే పగవాడు చంపినట్టు" అన్నాడు. "ఇదైతే నేను చంపినట్టు."

నాకాయన మీద జాలేసింది. జాలి పడ్డందుకు నా మీద నాకు కోపమొచ్చింది.

"పిల్లలో?" అన్నాడు. లోపల గడ్డి పెట్టెలో విహోర్ పిల్లలు ఏడున్నాయి, ఎనిమిది వారాలవి.

"కొన్నింటికి వస్తుంది, కొన్నింటికి రాదు. దేనికొస్తుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఏటేటా గుండె చూపించుకుంటూ ఉండాలి. అది తీసుకెళ్ళేవాళ్ళకి చెప్పి ఇవ్వాలి."

"పన్నెండింటికి సుబోటిత్సా ఊరి టీచరమ్మ కుక్కపిల్ల కోసం వస్తోంది."

"చెప్పి ఇవ్వు."

"చెప్తే తీసుకెళ్తుందా? చెప్తే ఈ గోయ్‌కో పేరు రేపటి నుంచి ఏ కుక్కలవాడైనా తలుస్తాడా? విషం అని చెప్తాను. విషమే. నువ్వు నోరు ముయ్యి."

మాట ముగించి బయటికి పోయాడు. సెంక వాడిపోయిన మొహంతో చేతులు కడుక్కుంది. గుండె ముక్కని నోవిసాద్‌లో తన గురువుగారికి చూపించాలి, మైక్రోస్కోపు కింద చూస్తే ఇక కాదనేవాడుండడు అంది. దేంట్లో పెట్టాలో తోచక చుట్టూ చూస్తుంటే అత్తగారు లోపలికి వచ్చి, మిరపకాయల పచ్చడి కోసం కడిగి ఆరబెట్టిన గాజు సీసా ఒకటి ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ మనిషికి ఎన్ని తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో నేను ఎప్పటికీ కనుక్కోలేను.

"వదినా" అంది సెంక మూత బిగిస్తూ. "నీకొకటి చెప్పాలి. నాన్న ముందు చెప్పలేదు."

"చెప్పు."

"విహోర్ పడ్డాక కదిలిందా?"

"కాళ్ళు కొట్టుకుంది. కళ్ళు మూసే ఉన్నాయి. ఊపిరి ఉంది. నేను పరిగెత్తుకెళ్ళి..." ఆగిపోయాను.

"ఈ జబ్బున్న కుక్కలు ఒక్కోసారి మూర్ఛపోతాయి. నిమిషం రెండు నిమిషాలు. మళ్ళీ వాటంతటవే లేస్తాయి." సెంక నా వైపు చూడకుండా మాట్లాడుతోంది. "ఊపిరితిత్తుల నిండా పాలున్నాయి వదినా. స్పృహలో లేనిదాని గొంతులో పోస్తే మింగలేదు కదా. గుండె ఇవాళ కాకపోతే రేపు ఆగేదే. ఆ మాట నిజం. కానీ ఇవాళ..."

 నేనే దాని దవడ పట్టి తెరిచాను, నేనే సీసా ఎత్తాను. తాగు నాన్నా, తాగు అని బతిమాలాను కూడా.

పదకొండింటి బస్సుకి సెంక బయల్దేరింది. గేటు దగ్గర నా భుజం పట్టుకుంది. "టీచరమ్మకి నువ్వు చెప్పు. నాన్న చెప్పడు, అమ్మ నోరు విప్పదు. నువ్వే చెప్పాలి. నీ మాటంటే ఈ ఊళ్ళో నమ్మనివాళ్ళు లేరు."

పాపం, అది పొగడ్త అనుకుని అంది.

*

తిరిగి లోపలికి వచ్చేసరికి మామగారు బల్ల ముందు కుక్కల పుస్తకం తెరిచి కూర్చున్నాడు. ఎదురుగా సగం తాగిన రకియా సారా గ్లాసు. ప్రతి కుక్కకీ ఒక పేజీ. పుట్టుక, తల్లిదండ్రులు, బహుమతులు, చివర్న చావు. బోరా పేజీలో చివరి మాట విషం. తర్వాత మూడింటికీ అదే మాట. ఆయన చేతిరాత కుదరదని ఆ నాలుగూ నా చేతే రాయించాడు.

"రాయమ్మా" అన్నాడు పెన్ను నా వైపు తోసి. "విహోర్. సెప్టెంబరు పద్దెనిమిది. విషం."

అమ్మా అన్నాడు. ఆ పిలుపు కోసం పద్నాలుగేళ్ళు ఎంత చాకిరీ చేశానో, అది వినపడితే ఎంత పొంగిపోయేదాన్నో నాకే తెలుసు. పెన్ను తీసుకున్నాను. పేరు రాశాను. తేదీ రాశాను. పెన్ను పుస్తకం మీదే పెట్టి లేచాను.

"ఎక్కడికి?"

"పక్కింటికి."

"జోర్కా!"

ఆగలేదు. వీధి గేటు తీసుకుని, పది అడుగులు నడిచి, ఇంకో గేటు తీశాను. పది అడుగులే!

ఇమ్రె బాబాయ్ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు. గోడకి కత్తులు నాలుగు, శుభ్రంగా నూరి, నూనె గుడ్డ చుట్టి వేలాడుతున్నాయి. ఇంకా నూరుతున్నాడన్నమాట.

"మీ మామ అరుపులు వినిపించాయి" అన్నాడు. "కుక్క చచ్చిందా? ఈసారి కూడా నేనేనా?"

"కాదు బాబాయ్."

"మరెవరు?"

"గుండె జబ్బు. సెంక కోసి చూసింది. బోరా కూడా అలాగే పోయిందంటోంది. వాటి వంశంలోనే ఉందట."

"గోయ్‌కో కుక్కలకి గుండె కూడా ఉందా!" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గాక మళ్ళీ దుంప అందుకున్నాడు.

నేను నిలబడే ఉన్నాను. చెప్పాల్సింది నోట్లో రాయిలా ఉంది. ఎలాగో కక్కాను. "ఆ రోజు నువ్వు విసిరిన ముక్క పిన్ని గిన్నెలోది. నేనూ తిన్నాను. తెలిసే చెప్పలేదు. నన్ను క్షమించు అనడానికి నాకు మొహం లేదు బాబాయ్. కానీ తెలిసే చెప్పలేదు."

"నువ్వు ఏం చూశావో నాకు తెలియదా? విసిరింది నేనే కదా." కత్తి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు నాకెందుకు చెబుతున్నావు? నాకు తెలిసిందే మళ్ళీ నాకు చెబుతావా? తెలియాల్సింది నాకు కాదు."

"మరి?"

"పిరోష్కాకి." దుంప తొక్కలు పక్కకి తోశాడు. "పదకొండేళ్ళు ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. ఊరంతా అన్నా అది మాత్రం నా వైపే ఉందనుకున్నాను. ఆఖరి వారంలో, జ్వరంలో, ఇదిగో ఈ మంచం మీంచి మీ కంచె వైపు చూపించి అడిగింది. ఇమ్రె, ఇప్పుడైనా చెప్పు, ఆ నోరులేని దాన్ని ఎందుకు చంపావు, అని."

నేను తలుపు రెక్క పట్టుకున్నాను.

"నేను చంపలేదే అన్నాను. దాని చేతులు పట్టుకుని ఏడ్చాను. నమ్మలేదు. ఏమందో తెలుసా? జోర్కా నా చేతి ముక్క తిన్న పిల్ల, అది అబద్ధం చెప్పదు, అంది. నన్ను క్షమించానని చెప్పి పోయింది. చెయ్యని పనికి నన్ను క్షమించి పోయింది."

ఏడుపు వచ్చింది కానీ ఆ ఇంట్లో ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది. మింగేశాను.

బయట కారు ఆగిన చప్పుడు. మా గేటు తెరుచుకుంది. ఎవరో ఆడమనిషి గొంతు, నవ్వు. మామగారి పలకరింపు.

ఇమ్రె బాబాయ్ కుర్చీ వెనక తగిలించిన కర్ర అందుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"మీ వాకిట్లోకి. నాకు చెప్పిన మాట అక్కడ చెబుతావో లేదో చూద్దామని."

*

మేం గేటు దాటేసరికి గొయ్యి పూడ్చేసి ఉంది. అత్తగారు చివరి పళ్ళెం మిరపకాయలు పొయ్యి మీద పోస్తోంది. గడప పక్కన అప్పుడే కొత్త పాలసీసా పెట్టేసింది.

టీచరమ్మ నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, కళ్ళజోడుతో. కుక్కపిల్ల అప్పటికే ఆమె చేతుల్లో ఉంది. అన్నిటికన్నా లావుది, మామగారు ఏరి ఇచ్చాడు. అది ఆమె గడ్డం నాకుతుంటే ఆమె చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వుతోంది.

"దీని తండ్రిని చూపిస్తానన్నారు కదా" అంటోంది. "ఫోటోలో చూసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది."

"ఇంకెక్కడి తండ్రి తల్లీ! పొద్దున్నే పోయింది. విషం పెట్టి చంపారు." మామగారు నన్నూ, నా వెనక కర్ర పొడుచుకుంటూ వస్తున్న మనిషినీ చూశాడు. మొహం నల్లబడింది. వెంటనే చెయ్యెత్తి చూపించాడు. "అదిగో, చంపినవాడే వస్తున్నాడు. సిగ్గు లేకుండా నా వాకిట్లోకే వస్తున్నాడు చూడండి. నేను ఊరికే అనడం లేదు. వీడి దుర్మార్గం ఇవాళ్టిది కాదు. మా కోడల్ని అడగండి, కళ్ళారా చూసింది. చెప్పమ్మా!"

టీచరమ్మ నా వైపు తిరిగింది. ఇమ్రె బాబాయ్ మాత్రం నన్ను చూడలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

"చూశాను" అన్నాను.

మామగారు ఊపిరి వదిలాడు.

"పద్నాలుగేళ్ళ కిందట చూశాను. ఈయన మా బోరాకి విసిరింది వేయించిన కొవ్వు ముక్క. అదే గిన్నెలోంచి అంతకుముందే నేను రెండు తిన్నాను. అందులో ఏ విషమూ లేదు. ఉందని అందరూ అనుకునేలా నేనే మాట్లాడాను. పోలీసుకి కూడా అలాగే చెప్పాను. ఇవాళ కూడా ఈయన ఇల్లు కదల్లేదు."

పొయ్యి మీద ఒక కాయ చిట్లింది. అత్తగారు దాన్ని తిప్పలేదు. చేతిలో పట్టకారు అలాగే ఉంది. ఇమ్రె బాబాయ్ టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు, శవపేటిక వెళ్తుంటే తీసినట్టు. మామగారు నా వైపు ఎలా చూశాడో నేను రాయలేను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన పెదవులు మాత్రం కదిలాయి. ఇక్కడితో ఆపు అంటున్నాడని నాకు అర్థమైంది.

టీచరమ్మ నవ్వు ఎప్పుడు పోయిందో గమనించలేదు. మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూసింది. పూడ్చిన గొయ్యిని చూసింది. కుక్కపిల్లని ఇంకాస్త దగ్గరికి హత్తుకుని, దాని రొమ్ము కింద అరచెయ్యి ఆనించి, నన్నే అడిగింది.

"మరైతే దీని తండ్రి దేంతో పోయింది?"